నెలనెలా వంశ చరిత్ర సభ: ఏ ప్రసంగం పెట్టాలి, ఎక్కడికి వెళ్లాలి?

మీ ప్రశ్న చదివాను. వంశ చరిత్ర మీద ఆసక్తి ఉన్న పన్నెండు మంది కలిసి మీ పట్టణంలో ఒక సంఘం పెట్టుకున్నారు. నెలకొక ప్రసంగం, మూడు నెలలకొక ప్రయాణం అనుకున్నారు. మొదటి సభకు నలభై మంది వచ్చారు, నాలుగో సభకు తొమ్మిది మందే మిగిలారు. వక్తలు పేరున్నవారే, విషయాలూ మంచివే. మరి లోపం ఎక్కడుందని అడిగారు.

ముందుగా జవాబు చెప్పేస్తాను. లోపం వక్తల్లో లేదు. శాతవాహనుల మీద, కాకతీయుల మీద ఎంత మంచి ప్రసంగం విన్నా, తన ముత్తాత పేరు ఎక్కడ వెతకాలో మనిషికి తెలియదు. ఆయన మీ సభకు వచ్చింది అందుకోసమే. కనుక ప్రతి నెలా ఒకే ఒక్క రకం ఆధారాన్ని తీసుకోండి: జాతకం, దస్తావేజు, ఇనాం రిజిస్టరు, బాప్తిస్మ రిజిస్టరు, పాత పత్రిక. ఆ నెల దాన్ని చదవడం నేర్పండి. వీలైనప్పుడల్లా మరుసటి నెల ఆ ఆధారం ఉన్న చోటికే బయలుదేరండి. ప్రసంగాన్ని ఒకరు, ప్రయాణాన్ని మరొకరు ఎవరికి తోచినట్టు వారు ఏర్పాటు చేస్తే రెండూ నిలబడవు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రిజిస్ట్రేషన్ శాఖలో పని చేశాను. పదవీ విరమణ తరువాత తెనాలిలో కొందరు మిత్రులతో కలిసి ఇలాంటి సభే నడుపుతున్నాను. ఇది పన్నెండో ఏడు. ఇక్కడ చెప్పేదంతా మేము చేసి చూసినదే.

మా సభ నెలలో రెండో ఆదివారం ఉదయం పది గంటలకు. ప్రసంగాన్ని ముప్పావు గంట దాటనివ్వం. ఆ తరువాత గంటన్నర సేపు బల్లల చుట్టూ కూర్చుని ఎవరి కాగితాలు వారు విప్పుతారు. ఆ నెల విషయానికి సంబంధించిన కాగితం ఒక్కటైనా ఇంటి నుంచి తెమ్మని ముందే చెబుతాం. లేనివారు వట్టి చేతులతో రావచ్చు, పక్కవారి కాగితం చదవడంలో సాయపడవచ్చు. సభకు ప్రాణం ఆ గంటన్నరే. నలుగురు తలలు దగ్గర పెట్టి, గొలుసుకట్టు రాతలో ఒక్క ఇంటిపేరును 'కొ' అనాలా 'గొ' అనాలా అని తర్కించుకునే మనుషులు మరుసటి నెల రాకుండా ఉండలేరు.

మీ ఉత్తరంలో బ్రిటన్‌లోని వంశ చరిత్ర సంఘాల కార్యక్రమ పట్టికలు చూసి అలా నడపాలనుకున్నామని రాశారు. వారికి జనాభా లెక్కల కాగితాలు ఇంటింటి పేర్లతో సహా దొరుకుతాయి. 1921 నాటివి 2022 జనవరిలో అందరికీ తెరిచారు. మన జనాభా లెక్కల్లో వ్యక్తుల వివరాలు చట్టప్రకారం రహస్యం, వందేళ్లు గడిచినా బయటికి రావు. కాబట్టి వారి పట్టిక మనకు పనికిరాదు. మనకు దొరికే ఆధారాలు వేరు, వాటిలో కొన్ని వారికి కలలో కూడా దొరకనివి.

మొదటి ప్రసంగం తేదీల మీద పెట్టండి. మన పాత కాగితాల్లో ఇంగ్లీషు సంవత్సరం అరుదు. నందన, ధాత, విరోధి అని ఉంటుంది, లేదా ఫసలీ అంకె, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే సరిపోతుంది. 1358 ఫసలీ అంటే 1948–49. చిక్కంతా సంవత్సరాల పేర్లతోనే, ఎందుకంటే అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. ధాత అంటే 1876, 1936, 1996. నందన అంటే 1832, 1892, 1952, 2012. ఒక్క పేరు పట్టుకుని తరాన్ని నిర్ణయిస్తే అరవై ఏళ్లు అటో ఇటో జారిపోతాం.

మా సభ్యురాలొకరు తన ముత్తాతది అని ఒక జాతకం తెచ్చారు. అరచేతి వెడల్పు కాగితం, మడతల దగ్గర చిరిగిపోతే ఎవరో వెనుక పాత పంచె ముక్క అంటించారు. నందన నామ సంవత్సరం, ఆశ్వయుజ మాసం అని ఉంది, అంకెల్లో ఏ సంవత్సరమూ లేదు. వారింట్లో 'ఆయన నందన కరువులో పుట్టాడు' అనే మాట తరతరాలుగా ఉంది. నందన కరువంటే 1832–33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు. ఆ లెక్క కుదరడానికి వంశవృక్షంలో మధ్యన పేరు తెలియని ఒక తరాన్ని కూడా ఎవరో చేర్చి ఉంచారు.

ఆ రోజు మాకు దారి చూపింది రాహువు. గురువు దాదాపు పన్నెండేళ్లకు, శని దాదాపు ముప్పై ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతారు. అందువల్ల అరవై ఏళ్ల తరువాత ఇద్దరూ ఇంచుమించు మొదటి చోటికే వస్తారు. వారిని చూసి రెండు నందనలను విడదీయడం కష్టం. రాహువుది పద్దెనిమిదిన్నర ఏళ్ల చుట్టు. అరవై ఏళ్లలో మూడు చుట్లు పూర్తి చేసి ఇంకా కొంత దూరం పోతాడు. కాబట్టి అరవై ఏళ్ల ఎడం ఉన్న రెండు జాతకాల్లో రాహువు మూడు రాశుల దాకా తేడాగా కనిపిస్తాడు. 1832 ఆశ్వయుజంలో రాహువు కర్కాటకంలో ఉన్నాడు, 1892 ఆశ్వయుజంలో మేషంలో ఉన్నాడు. ఆమె తెచ్చిన చక్రంలో 'రా' అనే అక్షరం మేషంలో ఉంది. అంతే, ఆ పేరు తెలియని తరం మాయమైంది. వంశవృక్షం మీద ఆమె ఆ గడిని కొట్టివేస్తుంటే చుట్టూ ఉన్నవారందరూ తమ ఇళ్లలోని జాతకాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మరుసటి నెల సభకు పద్నాలుగు జాతకాలు వచ్చాయి.

బడిలో చేర్చేటప్పుడు రాయించిన పుట్టిన తేదీల మీద కూడా ఇదే ప్రసంగంలో హెచ్చరించండి. ఒక తరం వారందరూ జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుట్టినట్టు ఉంటుంది. ఆ తేదీ పంతులుగారు వేసినది.

రెండో నెల నోటిమాటకు ఇవ్వండి. తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు ఏటా నోట పలుకుతారు. పెళ్లిలో కన్యాదానం వేళ ఇరువైపులా మూడు తరాల పేర్లు చదువుతారు. ఇంటి పురోహితుడి దగ్గర ఆ పేర్లు రాసుకున్న పుస్తకం ఉంటే అది బంగారం. కాశీకో గయకో హరిద్వారానికో వెళ్లిన పెద్దలుంటే అక్కడి పండాల చిట్టాల్లో సంతకాలు ఉండవచ్చు. వెళ్లిన సంవత్సరం, ఎవరితో వెళ్లారు, ఏ ఊరి పేరు చెప్పారు, ఈ మూడూ తెలిస్తే పని సులువు.

అయితే ఇవన్నీ కొన్ని కులాల వారికే. మిగతావారికి ఏమీ లేదనుకోవడం చాలా పెద్ద పొరపాటు. మన నేల మీద వంశ చరిత్రను వృత్తిగా చేసుకుని వందల ఏళ్లు మోసినవారు ఉన్నారు. వంశరాజులు, అంటే పూర్వం పిచ్చుకుంట్లవారని పిలిచినవారు, కాపు, రెడ్డి మొదలైన కుటుంబాల గోత్రాలూ ఇంటిపేర్లూ చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం చెబుతారు. ఏ విశ్వవిద్యాలయపు పట్టా ఉన్న వక్త కన్నా వీరి స్థానం మా వేదిక మీద ముందు.

ఒకసారి వంశరాజుల కుటుంబంలోని ఒక పెద్దాయనను పిలిచాం. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నారు. ముందు వరుసలో ఉన్న రైతును 'బాబూ, ఏ ఇంటిపేరు? ఏ ఊరి నుంచి దిగారు?' అని అడిగారు. జవాబు విని కాసేపు కళ్లు మూసుకుని, తంబుర శ్రుతి చూసుకుని ఎత్తుకున్నారు. పేరు వెంట పేరు, ఎవరికి ఎవరు, ఎవరు ఏ గుడికి గంట కట్టించారు, ఎవరు ఏ చెరువు గట్టున పడిపోయారు. ఏడో తరం దగ్గర ఆగారు. 'ఇక్కడ అన్నదమ్ములిద్దరు వేరు పడ్డారు బాబూ. చిన్నవాడి పిల్లలు మా మిరాశిలో లేరు. ఎటు పోయారో మా తండ్రికీ తెలియదు' అన్నారు. ఆ రైతుకు అలాంటి తమ్ముడు ఒకడున్నాడని కూడా తెలియదు.

ఆ తమ్ముడు తరువాత దొరికాడు. ఎక్కడో చెబుతాను.

ఇలాంటి పెద్దలను పిలిచేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. సంభావన ఎంతో ముందే మాట్లాడి, వేదిక మీద కాకుండా విడిగా, గౌరవంగా ఇవ్వండి. అడగకుండా ఫోను పైకెత్తి చిత్రీకరించవద్దు. ఒప్పుకుంటే ఆ రికార్డింగు ప్రతి వారికీ ఇవ్వండి. వారి కులం పాత పేరును ఆహ్వాన పత్రికలో వాడవద్దు. ఆ పేరు వారికి బాధ కలిగిస్తుంది కనుకనే ప్రభుత్వం దాన్ని వంశరాజ్ అని మార్చింది.

మూడో నెల దస్తావేజులు. ఇది నా సొంత పొలం కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. స్థిరాస్తి అమ్మకం, దానం, పంపకం ఏది రిజిస్టరయినా దాని నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 1వ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఒకప్పుడు అక్షరం అక్షరం చేత్తో ఎక్కించేవారు. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ పుస్తకం. 1వ పుస్తకానికి రెండు సూచికలు ఉంటాయి: ఒకటి మనుషుల పేర్ల ప్రకారం, రెండోది ఆస్తి ప్రకారం. రుసుము కట్టి 1వ పుస్తకాన్నీ దాని సూచికలనూ ఎవరైనా చూడవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతుంది. 3వ పుస్తకం అలా కాదు. వీలునామా రాసినవారు బతికి ఉండగా వారికి గానీ వారి తరఫు ఏజెంటుకు గానీ తప్ప నకలు ఇవ్వరు.

ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం, కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది ఏమీ లేదని ఎవరైనా చెబితే నిరుత్సాహపడి వెనక్కి రావద్దు. ఉండేది చేతిరాత సూచికల్లో. వాటిని వెతకాలంటే పేరు, ఊరు, ఉజ్జాయింపుగా ఒక ఐదేళ్ల కాలం చేతిలో ఉండాలి. 'మా తాతగారి కాగితాలన్నీ కావాలి' అంటే ఎవరూ వెతకలేరు. '1930 నుంచి 1935 వరకు, ఫలానా గ్రామం, ఈ ఇంటిపేరు' అంటే వెతకగలరు.

వంశరాజు చెప్పిన తమ్ముడు అలాగే దొరికాడు. పేర్ల సూచికలో 1934 నాటి అమ్మకం. తన వాటా అన్నగారి కొడుకుకు అమ్ముతూ, 'నిజాం సాగరం కింద భూములు కొనుక్కోవడానికి నిశ్చయించుకున్నాను గనుక' అని కారణం రాయించాడు. నిజాం సాగరం 1931లో పూర్తయింది. ఆ ఆయకట్టుకు కోస్తా జిల్లాల నుంచి ఎందరో రైతులు తరలిపోయారు. ఇప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉన్న ఆ శాఖవారు, తెనాలి దగ్గర ఉన్న ఈ శాఖవారు తొంభై ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో కలుసుకున్నారు.

దస్తావేజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆడవారి ఉనికి. వంశవృక్షాల్లో వారి పేర్లు ఉండవు. మీ సభ్యుల్లో ఎవరినైనా ముత్తవ్వ పేరు అడిగి చూడండి, సగం మంది తడబడతారు. కానీ పసుపు కుంకుమ కింద కూతురికి ఇచ్చిన భూమి దస్తావేజులో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అత్తవారి ఊరు ఒకే వాక్యంలో ఉంటాయి. మైనరు కొడుకు తరఫున తల్లి సంరక్షకురాలిగా వేలిముద్ర వేసిన కాగితంలో ఆమె వితంతువని, కొడుకు వయసు ఇంత అని తెలుస్తుంది. మా సభలో ఒకామె తన ముత్తవ్వ వేలిముద్ర ఉన్న అసలు కాగితం తెచ్చారు. సిరా గోధుమ రంగుకు దిగింది, వేలి గీతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, బొటనవేలి మధ్యలో అడ్డంగా ఒక తెల్లని గీత. కొడవలి గాటు అని పక్కన కూర్చున్న పెద్దావిడ వెంటనే గుర్తుపట్టారు. ఆమె బొటనవేలికీ అలాంటిదే ఉంది. ఫొటో కూడా లేని మనిషి గురించి మాకు ఆ రోజు ఒక విషయం తెలిసింది: ఆమె కోతకు వెళ్లింది.

తరువాతి నెలలకు రెవెన్యూ కాగితాలు ఉన్నాయి. మద్రాసు రాజధానిలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఊరూరా ఇనాందార్ల, అంటే పన్ను మినహాయింపుతో భూమి పొందినవారి, హక్కులు విచారించి రాసినదే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవారితో బంధుత్వం అందులో ఉంటాయి. ఇది అర్చకులకు, పండితులకు మాత్రమే పరిమితం కాదు. గుడిలో సన్నాయి ఊదినవారి కుటుంబాలకు, ఆడినవారి కుటుంబాలకు కూడా ఉపయోగం. తెలంగాణ కుటుంబాలకు పొలం పొలానికీ హక్కుదారు, సాగుదారు పేర్లు రాసిన 1954–55 నాటి ఖాస్రా పహాణీ, అంతకు ముందుదైన సేత్వార్, అంటే సర్వే నంబర్ల వారీగా పట్టాదార్ల పేర్లున్న రిజిస్టరు, చూడాలి. పాతవి ఉర్దూలో ఉంటాయి, కాబట్టి సభకు ఉర్దూ బాగా చదివే పెద్దమనిషి ఒకరు తప్పనిసరి. మా దగ్గర ఆ పని చేసేది ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు. ఆయన ప్రతి పదాన్నీ రెండుసార్లు చదివి గానీ అర్థం చెప్పరు. ఆంధ్ర, తెలంగాణ రెండు వైపులా ఒక విషయం మరవకండి: 1984లో వంశపారంపర్య గ్రామాధికారులను తొలగించినప్పుడు కరణాల ఇళ్లలో కొన్ని పాత లెక్కలు అలాగే ఉండిపోయాయి. మీ చుట్టుపక్కల కరణీకం చేసిన కుటుంబాలను మర్యాదగా పలకరించండి.

ఇక ప్రయాణాలు.

మొదటి ప్రయాణం వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. మేము తెనాలి నుంచి ప్యాసింజరు రైల్లో వెళతాం. వెళ్లే ముందు ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న రాసుకోవాలి, ఒక్కటే: ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ సంఘటన. ప్రశ్న లేకుండా వెళ్లినవారు పాత ప్రకటనలు చూసి ఆనందించి తిరిగి వస్తారు. ఒక సభ్యుడు 1930 ఉప్పు సత్యాగ్రహం నాటి సంపుటాలు మూడుసార్లు వెళ్లి చూశాడు. మూడోసారి అరెస్టయిన వారి వరుసలో తాతగారి పేరు కనిపించింది, ఒక అక్షరం తప్పుతో. పుట తిప్పేటప్పుడు అంచు దగ్గర కాగితం పొడిగా రాలుతుంది. అందుకే వేళ్లు శుభ్రంగా తుడుచుకుని, రెండు చేతులతో, నెమ్మదిగా తిప్పడం ముందు రోజే ఇంట్లో పాత పుస్తకం మీద అభ్యాసం చేయిస్తాం.

రెండోది మచిలీపట్నం. బందరు కోట దగ్గరి డచ్చివారి సమాధుల మీద చెక్కిన పెద్ద అక్షరాలు చూస్తే, రాత ఎంత కాలం నిలుస్తుందో పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. కానీ మేము వెళ్లేది ముఖ్యంగా ఉప్పెన కోసం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ. ఆ ప్రాంతపు కుటుంబాల్లో వంశ చరిత్ర ఒక్కసారిగా తెగిపోయి ఉంటుంది. మనుషులూ పోయారు, పెట్టెలూ పోయాయి. అలాంటి వారికి నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లోని కాగితం కొట్టుకుపోయినా దాని జంట ఎక్కడో ఒక కార్యాలయంలో ఉండి ఉంటుంది, లేదా ఆడపిల్లను ఇచ్చిన ఊళ్లో ఉంటుంది. వియ్యంకుల ఇంటికి వెళ్లండి. మా సభ్యుడొకరికి తాతగారి పెళ్లి శుభలేఖ, దివిసీమలో మునిగిన ఇంట్లో కాదు, రేపల్లె వైపు వియ్యంకుల అటక మీద దొరికింది.

కార్తిక అమావాస్యకు కారంపూడి వెళ్లగలిగితే వెళ్లండి. పలనాటి వీరుల పేర ఐదు రోజుల తిరునాళ్ల అది. వీరుల వంశీకులుగా చెప్పుకునే కుటుంబాలవారు పూర్వీకుల ఆయుధాలను తలకెత్తుకుని వస్తారు. కాగితం లేకుండా ఒక కుటుంబం తన పూర్వీకుణ్ణి ఎనిమిది వందల ఏళ్లు ఎలా గుర్తుపెట్టుకుంటుందో అక్కడ కళ్లతో చూడవచ్చు. జనం ఎక్కువ, పెద్దవయసు వారిని తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త.

చర్చి రిజిస్టర్లను మరచిపోవద్దు. గుంటూరుకు లూథరన్ మిషన్ 1842లో వచ్చింది. ఒంగోలు బాప్తిస్టు మిషన్‌వారు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ధాత కరువు అప్పుడే తగ్గుముఖం పట్టింది. భూమి లేనందువల్ల ఏ రెవెన్యూ లెక్కలోనూ పేరు ఎక్కని దళిత కుటుంబాలకు, మా అనుభవంలో, అన్నిటికన్నా పాత రాత ఆధారం చర్చి రిజిస్టరే. ఆ ప్రయాణానికి పాస్టరుగారికి నెల ముందు ఉత్తరం రాసి, ఆరాధన లేని రోజున వెళ్లండి.

ఏ ప్రయాణానికైనా పదిహేను మంది మించనివ్వకండి. నలభై మంది దిగితే ఏ గ్రంథాలయమైనా బెదిరిపోతుంది. మే, జూన్ నెలల్లో ఎక్కడికీ వద్దు. ఆ రెండు నెలలు ఎవరి ఊరికి వారు వెళ్లి పెద్దలతో మాట్లాడాలి.

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు. వీటిలో రెండు మేము దెబ్బ తిని నేర్చుకున్నవి.

భూమి తగాదాను సభ గడప దాటనివ్వకండి. మూడో ఏడు ఒక సభ్యుడు పాత పంపకం కాగితం చదివి పెట్టమన్నాడు. నేనే చదివి పెట్టాను. అది ఆయన పెదనాన్న పిల్లల మీద వేయబోయే దావాకు. ఆ పెదనాన్న మనవరాలు మా సభలోనే ఉంది. ఆమె మళ్లీ రాలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధ పడుతున్నాను. ఆ రోజు నుంచి ప్రవేశ పత్రంలోనే రాయిస్తున్నాం: ఇక్కడ తెలిసినది ఏ వ్యాజ్యానికీ వాడను అని.

రెండోది లామినేషన్. ఒక సభ్యుడు భద్రంగా ఉంటుందని తాతగారి పట్టాను ఒక దుకాణంలో లామినేషన్ చేయించాడు. వేడికి సిరా పరుచుకుపోయి సగం వరుసలు పోయాయి. ఇక ఆ ప్లాస్టిక్ ఊడదీయలేం. పాత కాగితాన్ని పగటి వెలుగులో ఫొటో తీసి, ఆమ్లం లేని కాగితంలో, లేకపోతే ఉతికిన తెల్లని నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టడం చాలు.

కుటుంబ రహస్యాలు బయటపడతాయి. రెండో పెళ్లి, ఇల్లరికం, దత్తత, ఇంటిపేరు మారడం. ఇల్లరికం వల్ల ఇంటిపేరు మారిన చోట వంశవృక్షం తప్పుదారి పడుతుంది కాబట్టి అది తెలుసుకోవలసిందే. కానీ దాన్ని సభలో చదవాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. అలాగే సభను ఒకే కులం వారితో నింపకండి. కుల సంఘంలో ప్రతి వంశమూ ఎక్కడో ఒక రాజు దగ్గర మొదలవుతుంది, ఎవరూ ప్రశ్నించరు. వేర్వేరు కులాలవారు ఒకే ఊరి కాగితాలను ఒకే బల్ల మీద పరిస్తే, ఒకరి దస్తావేజులో మరొకరి తాత సాక్షిగా కనిపిస్తాడు. మా వారిలో చాలామంది ఇలాగే ఒకరి పూర్వీకులను మరొకరు కనిపెట్టారు.

విదేశాల్లోని తెలుగువారి నుంచి ఉత్తరాలు వస్తే పక్కన పెట్టవద్దు. 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది కూలీలు ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారిలో తెలుగువారు ఎందరో. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు ఉంటాయి. మారిషస్‌కు వెళ్లినవారి రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. వారికి కావలసింది మనం చేయగల పనే: ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్న ఊరి పేరును పోల్చి చెప్పడం. దర్బన్ నుంచి వచ్చిన ఒక దంపతుల చేతిలోని కాగితంలో ఊరి పేరు 'కాసిమ్ కొట్టా' అని పలికేలా ఉంది. మూడు వారాలు వారు వెతికారట. కశింకోట అని మా సభలోని ఒక విశాఖ జిల్లా ఆవిడ ఒక్క నిమిషంలో చెప్పింది. ఆ భార్య కాగితాన్ని ఛాతీకి ఆనించుకుని ఆ పేరును పదే పదే పలుకుతూ ఉండిపోయింది.

ఖర్చు గురించి కూడా అడిగారు. మేము నెలకు వంద రూపాయలు వసూలు చేస్తాం, ప్రయాణాలకు ఎవరి చార్జీ వారిది. వంశరాజులు, డక్కలి పెద్దలు వచ్చే నెలల్లో సంభావనకు విడిగా పోగు చేస్తాం. చందాలు, దాతలు వద్దు. దాత వంశవృక్షం ముందు వరుసలోకి వస్తుంది.

వచ్చే నెలకు మీరు చేయవలసింది ఇది. మీ తొమ్మిది మంది ఇళ్లలో, బంధువుల్లో ఎనభై దాటిన వారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రసంగాన్ని ఒక నెల ఆపి, ఇద్దరిద్దరుగా వారి ఇళ్లకు వెళ్లండి. ఉదయం పూట, టిఫిను అయ్యాక, ఎండ ఎక్కకముందు మంచి సమయం. ఫోను రికార్డింగు పెట్టి పక్కన ఉంచండి. పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి, అది వారికి తెలియదు. 'మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరు? చిన్నప్పుడు అక్కడికి ఎలా వెళ్లేవారు?' అని అడగండి. ఎడ్ల బండి, ఆ దారిలోని రేవు, బండి తోలిన మనిషి, ఎదురొచ్చిన మేనమామ, ఇలా పేర్లు వాటంతటవే వస్తాయి. మా పెద్దమ్మ ఒకావిడ ఆ ఒక్క ప్రశ్నకు గంటా పది నిమిషాలు మాట్లాడింది. పదకొండు పేర్లు చెప్పింది. వాటిలో ఏడు అంతకు ముందు మాకు ఎవరికీ తెలియవు. సంక్రాంతికి మళ్లీ వస్తామని చెప్పి వచ్చాం, ఆమె ధనుర్మాసంలోనే పోయింది.